చెరువుల రాజ్యంలో భయం ఎలా పుట్టాలి? లోకనిర్మాణ ఛాలెంజ్ సందేహానికి వివరమైన సమాధానం

మీ ప్రశ్న సారాంశాన్ని ముందుగా చెప్పి సమాధానంలోకి వెళ్తాను. మీరు రెండేళ్లుగా ఒక కల్పిత రాజ్యాన్ని నిర్మిస్తున్నారు. కాకతీయుల కాలపు ఓరుగల్లు సీమను పోలిన ఆ రాజ్యం ఏడు గొలుసుకట్టు చెరువుల మీద ఆధారపడి బతుకుతుంది. ఇప్పుడు హనుమకొండలోని మిత్రులతో కలిసి, అక్టోబరు నెల పొడవునా రోజుకొక అంశం చొప్పున రాసే లోకనిర్మాణ ఛాలెంజ్‌లో చేరారు. ఈ నెల రాసే ప్రతి అంశంలోనూ హారర్ ఉండాలన్నది దాని నియమం. పాడుబడిన కోటలో ఒక ప్రేతాన్ని, అడవిలో రక్తం తాగే ఒక పిశాచాన్ని, ఊరి చివర ఒక మంత్రగత్తెను ఇప్పటికే పెట్టారు. చదివిన మిత్రులు బాగుందన్నారు గానీ ఒక్కరికీ భయం వేయలేదు. రక్తపాతం పెంచాలా, దయ్యాలను పెంచాలా, మన ప్రాంతపు గ్రామదేవతలను ఆ లోకంలోకి తీసుకురావచ్చా అన్నవి మీ మూడు సందేహాలు.

రక్తపాతమూ వద్దు, కొత్త దయ్యాలూ వద్దు. మీ మూడు అంశాలలోనూ ఉన్న లోపం ఒక్కటే కాబట్టి దానిని కొంచెం వివరంగా చెబుతాను. మన ఊళ్లో చనిపోయిన మనిషి రాత్రిపూట వాకిట్లో కనబడితే గుండె ఆగినంత పని అవుతుంది, ఎందుకంటే చనిపోయినవారు తిరిగి రారన్న నమ్మకం మీద మన రోజులు నడుస్తున్నాయి. మీ రాజ్యంలో ఆ నమ్మకం లేదు. అక్కడ కోట బురుజులకు యక్షులు కాపలా కాస్తారు, ఇంటి పెద్దలు చనిపోయాక కూడా దీపంలోంచి మాట్లాడి పంపకాల తగాదాలు తీరుస్తారు. ఇవి మీరు చాలా అందంగా రాసిన విషయాలు, వాటిని మార్చమని నేను అనను. అయితే అటువంటి రాజ్యంలో పాడుబడిన కోటలో ప్రేతం ఉందని చెబితే, అక్కడి రైతుకు అది ఆ దారిన పోకూడదన్న సమాచారం మాత్రమే అవుతుంది. పాఠకుడు మీ లోకంలోకి వచ్చిన క్షణం నుంచి మీరు పెట్టిన కట్టుబాట్లనే నమ్ముతాడు, ఆ రైతు కళ్లతోనే చూస్తాడు. రైతు భయపడని దానికి అతడూ భయపడడు. కల్పిత లోకంలో భయం కలగాలంటే మన లోకపు నియమం తప్పితే చాలదు, ఆ లోకపు నియమం తప్పాలి.

కాబట్టి మొదట చేయవలసిన పని, మీ రాజ్యంలోని మనుషులు దేనిని ఎన్నడూ అనుమానించరో గుర్తించడం. దీపంలోంచి మాట్లాడేవారు చనిపోయిన పెద్దలే అయి ఉంటారన్నది అటువంటి ఒక నమ్మకం. మన పెత్రమాస వంటి ఒక అమావాస్య నాడు ఇంటివారు దీపం వెలిగించి పిలిస్తే తాత గొంతు పలికిందనుకోండి. పలికిన ప్రతి మాటా నిజమే, గొంతూ తాతదే. కానీ తాత చనిపోలేదు. పక్క గదిలో మంచం మీద పడుకొని ఆ మాటలు వింటున్నాడు. ఇందులో రక్తం లేదు, వికృత రూపం లేదు, ఎవరికీ ఏ హానీ జరగలేదు. అయినా ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితులు, అద్భుతాన్ని, బీభత్సాన్ని, భయానకాన్ని మూడు వేర్వేరు రసాలుగా విడదీసి చెప్పారు. మొదటిదానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, విస్మయం; రెండవదానికి జుగుప్స, అంటే ఏవగింపు; మూడవదానికి భయం. హారర్ రాసేటప్పుడు ఈ విభజనను దగ్గర పెట్టుకోవడం ఎంతో ఉపయోగం. మీ కోటలోని ప్రేతం నిజానికి అద్భుతానికి చెందినది, పాఠకుడు దానిని చూసి అబ్బురపడతాడు. అడవిలోని పిశాచం బీభత్సానికి చెందినది, పాఠకుడు ముఖం తిప్పుకుంటాడు. భయానకం ఇంకా మొదలు కాలేదు. రక్తపాతం పెంచితే పెరిగేది జుగుప్స ఒక్కటే, జుగుప్స ఎంత పెరిగినా దానంతట అది భయంగా మారదు.

అదే శాస్త్రంలో విభావం, అనుభావం అన్న మరొక విభజన ఉంది. భయాన్ని పుట్టించే కారణం విభావం. చెమట పట్టడం, గొంతు పెగలకపోవడం, ముఖం పాలిపోవడం వంటి బయటికి కనబడే గుర్తులు అనుభావాలు. మీరు మూడు అంశాలలోనూ విభావాన్నే వర్ణించారు: ప్రేతం ఎంత ఎత్తు, పిశాచానికి ఎన్ని పళ్లు, మంత్రగత్తె గుడిసెలో ఏమేమి వేలాడుతున్నాయి. అనుభావం దాదాపు లేదు. కథ రాసేవారికి ఒక పాత్ర ఉంటుంది కాబట్టి ఆ పాత్ర వణికితే సరిపోతుంది. లోకాన్ని నిర్మించేవారికి అటువంటి ఒక్క మనిషి దొరకడు. ఆ ఊరే పాత్ర. ఊరు వణకదు, చెమట పట్టదు. ఊరికి భయం కలిగితే అది ఆచారంగా, పన్నుగా, పెళ్లి ఒప్పందంగా, ఇంటి గుమ్మం ఏ దిక్కున ఉండాలన్న నియమంగా కనబడుతుంది. లోకనిర్మాణంలో హారర్ రాయడమంటే నా దృష్టిలో ఇదే: కారణాన్ని వీలైనంత వెనక ఉంచి, దాని వల్ల ఏర్పడిన ఆచారాలను వీలైనంత దగ్గర నుంచి చూపడం.

దీనికి మన చుట్టూ ఉన్న పల్లెలే పాఠశాల. ఊరి నడిబొడ్డున నాటే బొడ్రాయి ప్రతిష్ఠ జరిగే ఊళ్లలో పెళ్లై వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలిపిస్తారు, పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు, ఆ సమయంలో దారులు మూసి బయటివారిని ఊళ్లోకి రానివ్వరు. తొమ్మిది రోజుల బతుకమ్మలో ఆరవ రోజు అలిగిన బతుకమ్మ, ఆ ఒక్క రోజు బతుకమ్మను పేర్చరు. చెరువు కట్ట మీద మైసమ్మ గుడి ఉంటుంది. ఇవన్నీ మనకు పండుగలు, భక్తితో ప్రేమతో చేసుకునేవి. అయితే ఈ నేల గురించి ఏమీ తెలియని బాటసారి ఒకడు సాయంత్రం వేళ ఒక ఊరికి చేరి, దారికి అడ్డంగా నిలబడిన మనుషులను, లోపల వెలుగుతున్న దీపాలను చూశాడని ఊహించండి. ఊరు దేనికో సిద్ధమవుతోందని అతడికి అర్థమవుతుంది, దేనికో అర్థం కాదు. మీ పాఠకుడిని మీరు నిలబెట్టవలసిన చోటు అదే.

ఇక మీ రాజ్యానికే వద్దాం. గొలుసులోని మూడవ చెరువును తీసుకుందాం. దానికి కట్ట ఉంది, తూము ఉంది, నిండితే నీళ్లు దిగువ చెరువుకు దుంకే మత్తడి ఉంది. ఆయకట్టుకు నీళ్లు పంచే నీరటి ఉన్నాడు. కట్ట మరమ్మతులకు కాకతీయుల కాలపు దశబంధం వంటి మాన్యం ఉందని మీరే రాశారు. తూము స్తంభం మీద వరుసగా గీతలు చెక్కి ఉన్నాయి. నీళ్లు వదిలిన కొద్దీ ఒక్కొక్క గీతే బయటపడుతుంది; నీరటి తెల్లవారుజామున కట్ట మీదికి వచ్చి ఎన్నో గీత బయటపడిందో చూసుకొని ఆ రోజు ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో నిర్ణయిస్తాడు. ఆ రాజ్యంలో ఎవరూ అనుమానించని నియమం ఇది: నీళ్లు వదిలితే చెరువు తగ్గుతుంది.

ఒక ఏడు తగ్గలేదు. యాసంగి నాట్లకు తూము ఎత్తి రోజుల తరబడి నీళ్లు వదిలినా గీత బయటపడలేదు. రెండు పంటలు పండే చోట మూడు పండాయి. ఊరు పొంగిపోయింది, గుడి కట్టింది, రాజుకు కానుకలు పంపింది. మీ మొదటి అంశాన్ని ఇక్కడే ఆపేయండి. అందులోని ప్రతి వాక్యమూ శుభవార్తే అయి ఉండాలి. చదివేవారికి మాత్రం నీరటి ఆ గుడి ప్రారంభానికి రాలేదని ఒక్క చోట తెలియాలి.

రెండవ అంశం పూల పండుగ. ఆ చెరువు కింది బియ్యం తిని పెరిగిన ఆడపిల్లలు పెళ్లై వేరే ఊళ్లకు వెళ్లారు. పండుగకు పుట్టింటికి వచ్చారు. పండుగ ముగిసింది, ఎవరూ తిరిగి వెళ్లలేదు. వారిని ఎవరూ ఆపలేదు, కట్టి వేయలేదు. వెళ్లాలని వారికే అనిపించలేదు. అత్తింటివారు బండ్లు కట్టుకొని వస్తే ఊరు మర్యాదగా కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, కడుపునిండా భోజనం పెట్టింది. భోజనం చేసిన అల్లుళ్లు కూడా మరునాడు బండి కట్టలేదు.

మూడవది పూర్తిగా ఆచారాల గురించి ఉండాలి, అదీ రెండు తరాల తరువాత. దిగువ ఊళ్లవారు ఆ ఊరికి పని మీద వెళ్లవలసి వస్తే సద్దిమూట, తాగే నీళ్లు వెంట తీసుకెళ్తారు. అక్కడ ఎవరైనా విస్తరి వేస్తే నొప్పించకుండా లేచి రావడానికి ఏ మాటలు చెప్పాలో తల్లులు పిల్లలకు ముందే నేర్పుతారు. ఆ ఊరి పిల్లను చేసుకునేవారు, పెళ్లికి మూడేళ్ల ముందు నుంచే పిల్లకు తమ ఇంటి బియ్యం పంపాలన్నది ఒప్పందంలో ఒక షరతు అయింది. నీరటి ఇంటికి మాత్రం ఎగువ ఊరి నుంచి బండి మీద ధాన్యం వస్తుంది. తాను నీళ్లు పారించిన పొలంలో పండిన గింజను ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ నోట పెట్టలేదు. ఎందుకని ఊళ్లో ఎవరూ అడగరు. రాజధాని కోఠారంలో, అంటే ధాన్యాగారంలో, మూడవ చెరువు బియ్యానికి వేరే గది ఉంది, ఆ గది తాళం రాచవంటశాలకు ఇవ్వరు. ఈ చివరి వివరాన్ని ఒక్క వాక్యంలో, అదీ కోఠారపు లెక్కల మధ్యలో చెప్పి వదిలేయండి. రాజుకు తెలుసునని, తెలిసీ మూడు పంటల పన్ను తీసుకుంటున్నాడని పాఠకుడు తనంతట తాను గ్రహిస్తాడు. భయం ఒక ఊళ్లో తరాల పాటు నిలిచిందంటే దాని వల్ల ఎవరికో లాభం ఉండి తీరాలి. లాభపడేవారు లేని పీడను ఏ రాజ్యమైనా ఒకటి రెండేళ్లలో వదిలించుకుంటుంది, లేదా ఆ ఊరే ఖాళీ అవుతుంది. చాలా కల్పిత లోకాలలో శాపగ్రస్తమైన పల్లెలు నమ్మశక్యంగా ఉండకపోవడానికి కారణం, అక్కడ జనం ఇంకా ఎందుకు ఉన్నారన్న ప్రశ్నను రచయిత వేసుకోకపోవడమే.

దీని వెనుక ఉన్న నియమం మీకు మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి. నేను ఇలా పెట్టుకుంటాను: ఆ చెరువు నీళ్లు ఆ ఊరి మనుషుల సంఖ్యను అనుసరించి నిలుస్తాయి. ఒకరు ఊరు విడిచి వెళ్లి తిరిగి రాకపోతే గీత ఒక వేలెడు బయటపడుతుంది. ఈ సంగతి ఊరికి అర్థమైన రోజు నుంచి మనుషులను ఆపేది చెరువు ఒక్కటే కాదు, పక్కింటివారు కూడా. పట్నం వెళ్లి చదువుకోవాలన్న పిల్లవాడి వైపు ఊరు ఎలా చూస్తుందో రాయండి. అందులో ఏ దయ్యమూ అవసరం లేదు. ఇక పిల్లలు పుట్టిన కొద్దీ నీళ్లు పెరుగుతాయి, కట్ట ఎత్తు మాత్రం పెరగదు. ఈ రెండో లెక్కను ఎక్కడా రాయకండి. నీరటి ప్రతి పురిటి కబురూ విని కట్ట మీదికి వెళ్తాడని ఒక్క మాట రాస్తే చాలు. గొలుసుకట్టులో ఎగువ చెరువుకు గండి పడితే ఆ వరద దిగువ చెరువు మీద పడి దానికీ గండి కొడుతుందని, ఇలా వరుసగా తెగిపోవచ్చని మన ప్రాంతపు పాఠకుడికి వేరే చెప్పనక్కర లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కట్ట నిలవడానికి మనిషిని బలి ఇచ్చారన్న కథలు తెలుగు నేల మీద చాలా చెరువులకు ఉన్నాయి. చెరువు, భయం అన్న రెండు మాటలు కలవగానే తెలుగు పాఠకుడు బలిని ఊహిస్తాడు. అతడి ఊహే నిజమైతే భయం అక్కడితో అయిపోతుంది. అందువల్ల ఆ ఊహను మీ లోకంలోని బయటివారికి అప్పగించండి: రాజధాని వ్యాపారులు, బాటసారులు ఆ ఊళ్లో నరబలి ఇస్తారని గుసగుసలాడతారు. ఆ మాట విన్న ఊరివారు ఒక్కోసారి మౌనంగా ఒప్పుకుంటారు కూడా, ఎందుకంటే నిజం కంటే ఆ అబద్ధం వారికి తేలిక.

ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నదానికి చేర్యాల నకాషీ పటం మంచి నమూనా. పటం పొడుగాటి చుట్టగా ఉంటుంది. కథ చెప్పేవారు నడుస్తున్న ఘట్టం ఉన్న అంకం వరకే విప్పి చూపుతారు. తరువాతి బొమ్మ అక్కడే చుట్టలో ఉందని కూర్చున్నవారందరికీ తెలుసు. ముప్పై ఒక్క రోజుల ఛాలెంజ్ మీకు అటువంటి చుట్టను చేతికి ఇస్తోంది, మీరేమో రోజుకొక కొత్త పటం తెరుస్తున్నారు. ముప్పై ఒక్క భూతాలను పెట్టిన రాజ్యంలో ఒక్కటీ భయపెట్టదు. ఒకే భయాన్ని ముప్పై ఒక్క చోట్ల నుంచి చూడండి. అందుకు తగిన రూపాలు కూడా మన దగ్గరే ఉన్నాయి: దండోరా మాట, మాన్యం లెక్క, జోలపాట, పంచాయితీ తీర్పు, పెళ్లి ఒప్పందం.

వీటిలో శిలాశాసనం నాకు అన్నిటికంటే ఇష్టమైన రూపం. ఆ కాలపు దానశాసనాలు శక సంవత్సరం, దాత, దానం చేసిన భూమి ఎల్లలు చెప్పి, చివర ఒక శాపంతో ముగుస్తాయి. తాను ఇచ్చినదైనా ఇతరులు ఇచ్చినదైనా దానభూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడన్న శ్లోకం ఎన్నో శాసనాలలో కనబడుతుంది. గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడన్న మాట తెలుగు శాసనాలలో ఉంది. మీ మూడవ చెరువు శాసనాన్ని అదే క్రమంలో, అదే గంభీరమైన భాషలో రాయండి. ఎల్లలు చెప్పండి, కొలతలు చెప్పండి. చివరి శాపం మాత్రం భూమిని అపహరించినవాడికి కాకుండా, ఈ చెరువు గింజను పొలిమేర దాటించినవాడికి తగలాలి. మిగిలిన శాసనాలన్నీ ముందే చదివి ఉన్న పాఠకుడు ఆ ఒక్క పంక్తి దగ్గర ఆగిపోతాడు. అంటే దీనికి ముందు రెండు మూడు మామూలు శాసనాలు ఛాలెంజ్‌లో వచ్చి ఉండాలి. అవి చప్పగా ఉన్నాయని మిత్రులు అంటే పట్టించుకోకండి. చెరువు తవ్వించినవారికి అంతా ముందే తెలుసునన్నది ఆ పంక్తి చెప్పే అసలు విషయం.

ఋతువు గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. మీ అంశాలలో ఎండుటాకులు, మోడులు, పొగమంచు, గుమ్మడికాయ దీపాలు ఉన్నాయి. అక్టోబరు 31న హాలోవీన్ జరుపుకునే దేశాలలో అది కోతలు ముగిసి, చలి ముదిరి, పొద్దు త్వరగా కుంగే కాలం కాబట్టి అక్కడి హారర్‌కు ఆ బొమ్మలు సహజం. మన వరంగల్, ములుగు, మహబూబాబాద్ వైపు అదే నెలలో చెరువులు నిండి మత్తళ్లు దుంకుతుంటాయి. తంగేడు, గునుగు, బంతి విరగబూస్తాయి. వరి ఈని గింజ పాలు పోసుకుంటుంది. పత్తి కాయలు పగులుతుంటాయి. మహాలయ అమావాస్య నాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. చనిపోయినవారిని తలుచుకునే రోజూ పూల పండుగ మొదలయ్యే రోజూ మనకు ఒక్కటే. మన శరత్తులోని ప్రమాదాలు కూడా లేమి వల్ల వచ్చేవి కావు: నిండిన చెరువుకు పడే గండి, పొంగిన వాగు, చేలగట్ల మీద పాములు, వానల తరువాత ఇంటింటా జ్వరాలు. చెరువుల రాజ్యానికి ఎండుటాకుల భయం అతకదు. మీ రాజ్యంలో భయానికి గుర్తు ఎండిపోవడం కాకుండా నిండిపోవడం అయితే, ఈ గడ్డ మీద పెరిగిన పాఠకుడికి అది లోపలికి దిగుతుంది. అంచు దాకా వచ్చి కదలకుండా నిలిచిన నీళ్లు, ఎండాకాలంలోనూ ఆగని మత్తడి చప్పుడు, కోసిన మరునాటికే మళ్లీ విరబూసిన తంగేడు చాలు.

మీరు ఇప్పటికే రాసిన మూడు అంశాలను పారేయవద్దు. మూడింటినీ ఈ చెరువుకు కట్టవచ్చు. వరంగల్ కోటలో నాలుగు కీర్తి తోరణాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, వాటి నడుమ ఉండవలసిన స్వయంభూ దేవాలయం మాత్రం శిథిలమై రాళ్లుగా పరుచుకొని ఉంది. ఢిల్లీ సుల్తానుల సేన 1323లో ఓరుగల్లును పట్టుకుందన్న చరిత్ర తెలియనివారిని కూడా ఆ చోటు నిలబెట్టేస్తుంది, ఎందుకంటే ద్వారాలు ఉన్నాయి, అవి దేనికి ద్వారాలో అది లేదు. మీ కోట నుంచి ప్రేతాన్ని తీసేసి అటువంటి లోటును ఉంచండి. కోటలోని పటాలానికి ఒక ఏడు కరువు వచ్చి మూడవ చెరువు బియ్యం సరఫరా అయింది. తరువాత ఒక ఉదయం కోట తలుపులు లోపలి నుంచి తెరిచి ఉన్నాయి, పొయ్యిల మీద ఎసరు ఉంది, ఆయుధాలు గోడలకు ఆనించి ఉన్నాయి, మనుషులు లేరు. ఇక అడవిలోని పిశాచం స్థానంలో, రాత్రిళ్లు ఒంటరిగా ఒకే దిక్కుకు నడిచిపోయే మనుషులను పెట్టండి. కాళ్లు పగిలి రక్తం కారుతున్నా ఆగరు, పిలిస్తే మర్యాదగా బదులిస్తారు, నీళ్లిస్తే వద్దంటారు. అడవిలోని గూడేలవారు వారికి దారి ఇచ్చి పక్కకు తొలగుతారు. కోట ఎందుకు ఖాళీ అయిందో, అడవిలో నడిచేవారు ఎవరో ఒకదానికొకటి ముడిపెట్టి చెప్పే పని పాఠకుడిదే.

మూడవదైన మంత్రగత్తె విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్పాలి. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో నిజమైన మనుషులను కొట్టారు, చంపారు. మీ అంశంలో ఊరు ఒక ముసలామెను అనుమానించింది, చివరకు ఆ అనుమానమే నిజమని తేలింది. ఊహా లోకమే అయినా, ఈ ప్రాంతంలో కూర్చొని అలా రాయడం ఆ గుంపు తీర్పుకు వంత పాడినట్టే అవుతుంది. పైగా హారర్‌గా చూసినా అది బలహీనమైన ముగింపు, ఎందుకంటే దోషి దొరికిందని పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. అనుమానం నీరటి భార్య మీద పడేటట్టు మార్చండి. ఊరంతా తినే బియ్యం ఆ ఇంట్లో వండరు, పండుగ విందుకు ఆమె రాదు, ఎగువ ఊరి నుంచి బండి వస్తుంది. ఊరి కళ్లకు ఇవన్నీ నేరానికి సాక్ష్యాలు. నిజం తెలిసిన ఒకే ఒక్క ఇంటిని ఆ నిజం కారణంగానే ఊరు తరుముతుంది. మీ ఛాలెంజ్‌లో అన్నిటికంటే భయంకరమైన అంశం ఇదే కాగలదు, దీనిని నెల చివరి వారానికి దాచుకోండి.

గ్రామదేవతల గురించిన మీ సందేహానికి కూడా నా జవాబు ఇదే దారిలో ఉంటుంది. మేడారంలో రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మలను గద్దెల మీదికి తెచ్చే కోయ పూజారులకు, నిలువెత్తు బెల్లం మొక్కుకునే లక్షల కుటుంబాలకు ఆ తల్లులు కథలోని పాత్రలు కారు. పేరు మార్చి, ఒక అక్షరం తిప్పి వారిని రాక్షసులుగా చూపడం తగదు. మన గ్రామదేవతలలో ఆగ్రహమూ కాపుదలా ఒకే తల్లిలో ఉంటాయి. హారర్ రాసేవారు తరచుగా ఆగ్రహాన్ని తీసుకొని కాపుదలను వదిలేస్తారు. మీ కట్ట మీద మీ సొంత దేవతను కల్పించండి, ఆమెను పూర్తిగా ఊరి పక్షానే ఉంచండి. పాత శాసనంలో ఆమె గుడి తూర్పు ముఖంగా, ఊరి వైపు చూస్తూ ఉందని రాసి ఉంది. ఇప్పుడు గుడి పడమటి ముఖంగా, నీళ్ల వైపు చూస్తోంది. ఎవరు తిప్పారో రాయవద్దు. భయపడవలసింది ఆ తల్లికి కాదని, ఆమె ఊరిని కాపు కాస్తున్నది దేని నుంచో పాఠకుడికి అర్థమవుతుంది.

మీ బృందంలో ఒకరు బొగ్గుబావుల లోకాన్ని రాస్తున్నారని చివర ప్రస్తావించారు కాబట్టి వారికి ఒక మాట. పద్ధతి అదే, నమ్మకం వేరు. బావి లోపల పైకప్పును కడ్డీతో కొట్టి విని, గట్టి శబ్దం వస్తే నిలబడతారు, డొల్ల శబ్దం వస్తే తప్పుకుంటారు. పైకప్పును మోసే కర్ర దిమ్మలు విరగబోయే ముందు కిర్రుమని చప్పుడు చేసి హెచ్చరిస్తాయి. అక్కడివారు ప్రాణం పెట్టి నమ్మేది చెవినే. అందువల్ల భూగర్భ రాక్షసుడి కంటే, కొట్టిన చోట కాకుండా పక్క గోడలోంచి, కొట్టినన్ని సార్లే, కొంచెం ఆలస్యంగా వచ్చే జవాబు శబ్దం వారికి ఎక్కువ పనికొస్తుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు గనుల్లో పనిచేసి రిటైరైన పెద్దలను అడిగితే ఇటువంటి వివరాలు ఇంకెన్నో చెబుతారు, అడగమనండి.

మిగిలిన రోజులకు పని ఇలా పెట్టుకోండి. గీతల లెక్కను, అంటే ఏ ఏడు ఊళ్లో ఎంతమంది ఉన్నారు, నీళ్లు ఏ గీత వద్ద ఉన్నాయి అన్నదానిని ఒక కాగితం మీద రాసి మీ దగ్గరే ఉంచుకోండి. దానిని ఎక్కడా పెట్టవద్దు, కానీ ఏ అంశమూ ఆ కాగితంతో విభేదించకూడదు. మీ పటంలో మూడవ చెరువుకు దిగువన నాలుగవ చెరువు గీశారు గానీ దాని కింది ఊరికి ఇంకా పేరు పెట్టలేదు. రేపటి అంశానికి ముందు ఆ ఊరికి పేరు పెట్టండి, అక్కడి నీరటి ఎవరో నిర్ణయించండి. ఎండాకాలంలోనూ ఆగని ఆ మత్తడి నీళ్లు చేరేది వారి ఆయకట్టుకే, నెల రెండవ సగమంతా మీరు రాయవలసింది ఆ ఊరి గురించే.